ఇప్పటి మనిషి అడవిలో మిగతా జంతువుల్లా బతకగలడా?

ప్రశ్న: దేవరకొండ విద్యార్థి

నేను నల్లగొండలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, జువాలజీ గ్రూపు. ఈ మధ్య దోస్తులతో శ్రీశైలం పోయి వస్తుంటే ఈగలపెంట దాటాక బస్సులో ఒక వాదన మొదలైంది. ఊరు చేరినా అది తెగలేదు.

రోడ్డు పక్కన దుప్పుల గుంపు కనిపించింది. మా వాడొకడు, "వాటికి ఇల్లు లేదు, బట్ట లేదు, గ్యాస్ లేదు, అయినా బతుకుతున్నయి. మనల్ని ఇక్కడ దింపేసి బస్సు పోతే వారం కూడా నిలవం" అన్నాడు. ఇంకొకడు ఒప్పుకోలేదు. మనిషి కూడా జంతువే, లక్షల ఏళ్లు అడవిలోనే బతికాడు, అవసరం మీద పడితే ఒంటికి అన్నీ అవే తెలిసొస్తాయి అని వాడి వాదన. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉందనిపించింది కానీ ఎవరిది ఎంత నిజమో చెప్పలేకపోయాను.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇన్ని తరాలు ఊళ్లలో, ఇళ్లలో ఉండి మన ఒళ్లే బలహీనపడ్డాయా? లేక ఒళ్లు అట్లాగే ఉండి, తెలియాల్సింది తెలియకుండా పోయిందా? మన నల్లమలనే తీసుకోండి. అక్కడ ఏం తినాలి, ఏం తాగాలి, రాత్రి ఎట్లా గడపాలి? టీవీలో చూపించే సాహసాలు నాకు వద్దు. ఇక్కడి అడవి, ఇక్కడి ఎండ తెలిసినవాళ్లు చెప్తే వింటాను.

జవాబు: మిర్యాలగూడ వాసి

నా ఉద్దేశంలో మీ మొదటి దోస్తు మాటే నిజం. మా దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆ ఎండలో నీళ్లు దొరక్కపోతే రెండు మూడు రోజులకు మించి ఎవరూ నిలవరు. మనకు కోరలు లేవు, పదునైన గోళ్లు లేవు, ఒంటి మీద బొచ్చు లేదు. కుక్కకు అందే వాసన మన ముక్కుకు అందదు, రాత్రి పిల్లికి కనిపించేది మన కంటికి కనిపించదు. మా తాత కాలంలో సూర్యాపేట దాకా నడిచిపోయి వచ్చేవాళ్లు. ఇప్పుడు అర్ధరాత్రి కరెంటు పోతే ఫ్యాన్ లేక పిల్లలు ఏడుస్తున్నారు. ఒళ్లు మెత్తబడింది. అది మళ్లీ గట్టిపడేలోపే ప్రాణం పోతుంది.

జవాబు: మక్తల్ నుంచి

అన్నా, ఒళ్లు మెత్తబడిందన్న మాట నేను ఒప్పుకోను. మాది పాలమూరు. నేను చిన్నగున్నప్పుడు మా అమ్మానాయిన కాలువ పనులకు, డ్యాం పనులకు రాష్ట్రాలు దాటి పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే ఎవరో మీకు తెలుసు. ఎక్కడ పని ఉంటే అక్కడ నాలుగు కర్రలు పాతి, పట్టా కప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించేవాళ్లు. ఎండలోనూ చలిలోనూ పొద్దంతా మట్టి మోశారు. ఇప్పటికీ మా ఊరి నుంచి అట్లా పోయేవాళ్లు ఉన్నారు. వాళ్ల ఒళ్లు ఏ కాలం మనిషికీ తీసిపోవు.

అయితే ఒకటి. వాళ్లు ఎన్నడూ ఒంటరిగా పోలేదు. గుంపుగా పోయారు, దారి తెలిసిన మేస్త్రీ వెంట పోయారు, జొన్నపిండి మూట కట్టుకుని పోయారు. కొత్త చోట దిగగానే మా అమ్మ ముందు చేసే పని, అక్కడి ఆడవాళ్లను నీళ్లెక్కడ, కట్టెలెక్కడ అని అడగడం. జ్వరమొచ్చి పని చేయలేనివాడికి మిగతావాళ్లు రొట్టె పెట్టేవాళ్లు. అది లేకపోతే ఎంత గట్టి మనిషైనా కూలబడేవాడే.

జవాబు: అమ్రాబాద్ రిటైర్డ్ పంతులు

బాబూ, నువ్వు అడిగిన ప్రశ్న నేను ఏళ్ల తరబడి ఆలోచించినదే. అమ్రాబాద్ మండలంలో పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచుల గూడేల నుంచి వచ్చినవాళ్లు. అప్పాపూర్, రాంపూర్ వైపు ఆ పిల్లల ఇళ్లకు పోయినప్పుడు వాళ్ల అవ్వతాతలు చూపించింది, చెప్పింది నా మనసులో ఉంది. అక్కడి నుంచే చెప్తాను.

"మిగతా జంతువుల్లా" అన్నచోటే మనం దారి తప్పుతున్నాం. మనిషి ఏ కాలంలోనూ దుప్పిలా బతకలేదు. దుప్పి పిల్ల పుట్టిన కొద్దిసేపటికే లేచి నిలబడుతుంది, తల్లి వెంట తిరుగుతూ ఏడాది తిరిగేసరికి తన మేత తాను మేస్తుంది. మనిషి పిల్ల సంగతి వేరు. వేట మీద, అడవి తిండి మీద బతికే తెగల్లో ఎవరు ఎంత తెస్తున్నారు, ఎంత తింటున్నారు అని లెక్కలు కట్టి చూశారు. అక్కడ కూడా ఒక మనిషి తాను తినేంత తిండి తాను తెచ్చుకునేసరికి పద్దెనిమిది, ఇరవై ఏళ్లు వస్తాయి. అన్నేళ్లూ ఇంకొకరు తెచ్చి పెట్టాలి, నేర్పాలి. ఆ ఏర్పాటు లేని మనిషి అడవిలో ఎప్పుడూ లేడు. కాబట్టి మీ రెండో దోస్తు చెప్పినట్టు ఒంటికి అవే తెలిసొచ్చేవి చాలా తక్కువ. దాహం తెలుస్తుంది, భయం తెలుస్తుంది. ఏ గడ్డ తినాలో తెలియదు.

గడ్డల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. అడవిలో బతకడం అంటే అందరూ వేట అనుకుంటారు, విల్లు పట్టుకున్న చెంచు బొమ్మే గుర్తుకొస్తుంది. కానీ వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, పండ్లు, ఆకులు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు ఈ అమ్రాబాద్ గుట్టల మీద చెంచులతో ఉండి రాసిందీ అదే. ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ కొనకు ఇనుము బిగించిన కర్రతో గడ్డలు తవ్వుకునేవాళ్లు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అడవి గడ్డలు చాలావరకు తీగల కింద ఊరతాయి. వానకాలంలో తీగ పచ్చగా ఉండి ఎవరికైనా కనిపిస్తుంది, కానీ అప్పుడు గడ్డలో ఇంకా పస పట్టదు. చలికాలానికి తీగ ఎండిపోతుంది, ఆకు రాలిపోతుంది. అప్పుడే గడ్డ బలంగా ఉంటుంది, అప్పుడే పైన గుర్తు ఉండదు. ఎండిన తీగ ముక్క ఒకటి పొద చుట్టూ చుట్టుకుని ఉంటే, అది ఏ జాతి తీగో చేత్తో తడిమి చెప్పే ముసలమ్మను నేను చూశాను. రాళ్ల సందుల్లో మోచేతి లోతు దాకా తవ్వి గడ్డ తీసింది. తీగ మొదలు దగ్గర కొంత ముక్క వదిలేసి మళ్లీ మట్టి కప్పింది. వచ్చే ఏడు మళ్లీ ఊరుతుందట. అడవిలో మనల్ని దింపితే మనం ఆ ముసలమ్మ పక్క నుంచే నడిచిపోతాం, కాళ్ల కింద తిండి ఉందని కూడా తెలియకుండా.

దొరికినవన్నీ తినేవి కావు. కొన్ని చేదు గడ్డలు పచ్చివి తింటే వాంతులు, విరేచనాలు. వాటిని పలచగా కోసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో నానబెట్టి చేదు పోగొట్టాలి. ముష్టి చెట్టు పండు గుజ్జును హార్న్‌బిల్ పక్షులు తింటాయి, కానీ ఆ గింజలో ఉన్నది స్ట్రిక్నీన్ విషం. "కోతి తింటే మనమూ తినొచ్చు" అనే మాట నమ్ముకుని ఎవరూ అడవిలోకి పోవద్దు. గురివింద గింజ ఎంత అందంగా ఉంటుందో అంత ప్రాణాంతకం.

తెలియని తిండి మనిషిని ఏం చేస్తుందో చెప్పే ఒక నిజ కథ ఉంది. 1860లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి బర్క్ అనే అతని నాయకత్వంలో, విల్స్ అనే అతను కూడా ఉన్న పెద్ద బృందం ఒంటెలు, బండ్లు, సరుకులతో ఆ ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటడానికి బయలుదేరింది. తిరుగు ప్రయాణంలో కూపర్ క్రీక్ అనే వాగు దగ్గర సరుకులు అయిపోయాయి. అక్కడ వేల ఏళ్లుగా బతుకుతున్న యాండ్రువాండా జనం నార్డూ అనే నీటి మొక్క కాయలను పిండి చేసుకుని తినేవాళ్లు. దాని బంధువులు మన వరి మళ్లలో, చెరువు గట్ల మీద నాలుగు రెక్కల ఆకులతో కనిపిస్తాయి. బర్క్, విల్స్ కూడా ఆ కాయలు ఏరి తిన్నారు. కడుపు నిండేది కానీ రోజురోజుకూ నీరసించిపోయారు. ఆ కాయలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంది. దాన్ని సరైన పద్ధతిలో నూరి, నీళ్లు కలిపి, వండితే ఆ దోషం తగ్గుతుంది. వీళ్లు కాయను చూశారు, పద్ధతిని పట్టించుకోలేదు. 1861లో ఇద్దరూ అక్కడే చనిపోయారు. వాళ్లతో ఉన్న కింగ్ అనే అతన్ని ఆ స్థానికులు చేరదీసి తిండి పెట్టారు. అతను బతికి బయటపడ్డాడు. అదే వాగు, అదే తిండి, అదే కాలం. తేడా అంతా ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదే.

దీనికి ఎదురు కథ మొన్నమొన్ననే జరిగింది. 2023 మే 1న కొలంబియా దేశపు అమెజాన్ అడవిలో చిన్న విమానం కూలింది. పెద్దవాళ్లందరూ పోయారు. హుయిటోటో తెగకు చెందిన నలుగురు పిల్లలు మిగిలారు. అందరికంటే పెద్దది 13 ఏళ్ల అమ్మాయి, చిన్నది ఏడాది కూడా నిండని పసిబిడ్డ. విమానంలో ఉన్న కర్రపెండలం పిండి కొన్నాళ్లు తిన్నారు. తర్వాత తమకు తెలిసిన పండ్లు, గింజలు ఏరుకున్నారు. 40 రోజులకు సైనికులు, స్థానిక తెగలవాళ్లు కలిసి వెతికితే నలుగురూ ప్రాణాలతో దొరికారు. 13 ఏళ్ల పిల్లకు కండబలం ఎంత ఉంటుంది? ఏ పండు మంచిదో ఇంట్లో పెద్దవాళ్లు ముందే నేర్పారు, అంతే.

ఇక నువ్వు అడిగిన నల్లమల. కాలం బట్టి ఉంటుంది. ఎండకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే పోయి ఏరుకోవాలి, కానీ అదే వేళకు ఎలుగుబంటి కూడా అక్కడికే వస్తుంది. ఏరుకునేవాళ్లకు పులి కంటే ఎలుగుబంటితోనే ఎక్కువ భయం. తర్వాత తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఈత పండ్లు. వానలు పడగానే నేరేడు, రకరకాల ఆకుకూరలు. దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలం. ఆ తర్వాత రేగు పండ్లు, గడ్డలు. తేనె ఎండకాలంలో.

తేనె తీయడం చూస్తే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. పెరతేనె పట్లు కొండచరియకు వేలాడుతుంటాయి. అడవి నారతో పేనిన తాడు పట్టుకుని, పొగ పెడుతూ ఒక మనిషి కిందికి దిగుతాడు. పైన తాడు దగ్గర అతని బావమరిది కాపలా ఉంటాడు. చెంచుల్లో అది ఆనవాయితీ. తన అక్కచెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు మీద ఉన్నాయి కాబట్టి అతను చేయి వదలడు. ఒంటరి మనిషికి ఆ తేనె దొరకదు.

నీళ్లు. మార్చి దాటితే గుట్టల మీద వాగులు చాలావరకు ఎండిపోతాయి. వాగు ఇసుకలో చెలిమె తవ్వాలి, ఎక్కడ తవ్వితే ఊట వస్తుందో తెలియాలి. ఇప్పుడు అడవి శాఖవాళ్లు అక్కడక్కడ సాసర్ పిట్లు, అంటే నేలలో పళ్లెంలాంటి నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు నింపుతున్నారు. అంటే మే నెలలో జంతువులు కూడా మనిషి పోసిన నీళ్లు తాగుతున్నాయి.

నిప్పు. మన ఒంటి బరువులో మెదడు వంతు నూటికి రెండు, కానీ ఊరికే కూర్చున్నా మనం ఖర్చుపెట్టే శక్తిలో నూటికి ఇరవై అదే తీసుకుంటుంది. అంత మెదడును పచ్చి ఆకులతో పోషించలేం. చింపాంజీ రోజులో ఐదారు గంటలు నమలడానికే పెడుతుంది. మనం గంటలో తిండి ముగిస్తాం, ఎందుకంటే సగం పని పొయ్యి చేసి పెడుతుంది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో పది లక్షల ఏళ్ల కిందటి నిప్పు ఆనవాళ్లు దొరికాయి. పొయ్యి మన తర్వాత రాలేదు, మనకంటే ముందున్న మనుషుల కాలం నుంచే ఉంది. మా బడి పిల్లల తాతలు చెకుముకి రాయి, బూరుగు దూది సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లు, ముసురు పట్టిన రోజుల్లో నిప్పు కొరివి ఆరిపోకుండా గుడిసెలో కాపాడేవాళ్లు.

ఒంటి సంగతికి వస్తే మిర్యాలగూడ తమ్ముడితో నాకు పేచీ ఉంది. మన ఒళ్లు తీసిపారేసేది కాదు. బొచ్చు లేకపోవడం లోటు కాదు, ఎండలో అదే మన బలం. చెమట పట్టి చల్లబడే శక్తి మనిషికి ఉన్నంతగా చాలా జంతువులకు లేదు. మిట్టమధ్యాహ్నం దుప్పి నీడన ఒగరుస్తూ నిలబడితే మనిషి నీళ్లుంటే నడుస్తూనే ఉంటాడు. ఆఫ్రికాలోని కలహారిలో వేటగాళ్లు జింకను గంటల తరబడి ఎండలో తరిమి, అది సొమ్మసిల్లి పడేదాకా వదలకుండా వేటాడటం నమోదైంది. మీ ఊళ్లో నాట్లేసే అమ్మను, తాటిచెట్టు ఎక్కే గౌడన్నను చూడు. ఒళ్లు ఉంది. పోయింది నేర్పే మనిషి.

నాకు బాధ కలిగించేది అదే. నా దగ్గరికి వచ్చిన పిల్లలకు నేను లెక్కలు, తెలుగు నేర్పాను. అది వాళ్ల హక్కు, నేర్పాల్సిందే. కానీ హాస్టల్లో ఉండే పిల్లవాడు గడ్డలు తవ్వే కాలంలో అవ్వ వెంట ఉండడు. రేషన్ బియ్యం వచ్చాక రోజూ తవ్వాల్సిన అవసరం తగ్గింది, అదీ మంచిదే. పస్తులు ఉండమని ఎవరు చెప్తారు? అయినా ఎండిన తీగను తడిమి పేరు చెప్పే వేళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి, వాటికి తెలిసింది పూర్తిగా ఎవరూ రాసుకోవడం లేదు.

జవాబు: అచ్చంపేట వైపు ఏఎన్ఎం

పంతులు సార్‌కు నమస్తే. మీరు రాసింది చదువుతుంటే నేను డ్యూటీకి తిరిగే పెంటలన్నీ కళ్లముందు కనిపించాయి. ఒక విషయం మాత్రం నేను గట్టిగా చెప్పాలి. బతకడం అంటే ఎవరు బతకడం?

జంతువులు అడవిలో హాయిగా ఉన్నాయని తమ్ముళ్లు అనుకుంటున్నారు. బస్సులోంచి కనిపించిన దుప్పులు చావకుండా మిగిలినవి. పుట్టిన పిల్లల్లో ఎన్ని పోయాయో రోడ్డు మీదికి కనిపించదు. మనుషుల లెక్క కూడా అంతే. అడవి తిండి మీద బతికే తెగల్లో మందు, టీకా లేని రోజుల్లో పుట్టిన నూరుమందిలో నలభైమందికి పైగా పదిహేనేళ్లు నిండకుండానే పోయేవాళ్లని పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ గండం దాటి పెద్దవాళ్లయినవాళ్లలో చాలామంది డెబ్బై దాకా బతికేవాళ్లు. అంటే అడవి మనుషులు ముప్పై ఏళ్లకే ముసలివాళ్లై పోయేవాళ్లన్నది తప్పు, అందరూ గట్టిగా ఉండేవాళ్లన్నదీ తప్పు. గట్టివాళ్ల వెనక చాలా పసిప్రాణాలు పోయాయి.

ఇంకొకటి కాన్పు. మనిషి బిడ్డ తల పెద్దది, తల్లి కటి ఇరుకు. బిడ్డ చాలాసార్లు వీపు వైపు మొహం పెట్టి బయటికి వస్తుంది, తల్లి తన చేత్తో తానే తీసుకోవడం కష్టం. అందుకే ప్రపంచంలో దాదాపు ఏ జనాన్ని చూసినా కాన్పు దగ్గర ఇంకో ఆడమనిషి ఉంటుంది. మన మంత్రసాని ఆ పనే చేసింది. ఒక ఆవు ఒంటరిగా ఈనగలదు. ఒక ఆడమనిషిని అడవిలో ఒంటరిగా కాన్పు కానివ్వమంటే నా గుండె ఆగిపోతుంది. నెత్తురు ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది, నేను చూసిన భయాల్లో అదే పెద్దది.

నిప్పు గురించి సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 1999లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో ఎక్కువగా పచ్చి తిండే తినే ఆడవాళ్లను పరిశీలిస్తే, 45 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు 30 శాతం మందికి నెలసరి కొంతగానో పూర్తిగానో ఆగిపోయింది. వాళ్లు ఊళ్లో ఉండి, దుకాణంలో మంచి పండ్లు కొనుక్కుని తిన్నవాళ్లు. అడవిలో వండకుండా తింటే గర్భం నిలవడమే కష్టమవుతుంది.

పాముకాటు సంగతి కూడా రాయాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి పనిచేసే ఇంజక్షన్ ఇప్పుడు ఉంది. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఎవరైనా అడవిలో బతికి చూస్తామని సరదాకు నేల మీద పడుకుంటే దయచేసి ఆ ఆలోచన మానుకోండి. కరిస్తే కట్లు, కోతలు, నోటితో పీల్చడాలు వద్దు. కదలకుండా పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

జవాబు: మర్రిగూడ రైతు

మా వైపు నుంచి ఒక మాట. అడవి నీళ్లు సహజమైనవి, మంచివి అని కొందరు అనుకుంటారు. మా నేల నీళ్లూ సహజమైనవే. రాతి పొరల్లోంచి కరిగిన ఫ్లోరైడ్ మా ఊళ్లలో ఎందరి ఎముకలు వంచిందో, ఎందరు పిల్లల పళ్లకు గార పట్టించిందో దేశమంతా చూసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు వచ్చింది. ఆ నీళ్లు తాగిన పశువులకూ కీళ్లు పట్టేశాయి. ప్రకృతి మనిషికి సరిపోయేట్టు ఎక్కడా రాసిపెట్టి లేదు.

కానీ మా పెద్దలు చెప్పేది ఇంకోటి ఉంది. బోర్లు లేనప్పుడు చెరువు నీళ్లు, పైపై బావుల నీళ్లు తాగారు, వాటిలో ఫ్లోరైడ్ తక్కువ. లోతుకు పోయినకొద్దీ ఎక్కువైంది. చెరువు నీళ్లకు కలరా భయం, బోరు నీళ్లకు ఈ భయం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగపూర్ శాస్త్రవేత్తలు కనిపెట్టి దానికి మా నల్లగొండ పేరే పెట్టారు. తర్వాత ఇంటింటికీ కృష్ణ నీళ్లు వచ్చాయి, ఇప్పటి పిల్లలు నిటారుగా నడుస్తున్నారు. మంచినీళ్ల కోసం ఇంత కొట్లాడినవాళ్లం, వాటిని వదిలి అడవికి పొమ్మంటే మేం పోము.

మళ్లీ ప్రశ్న: దేవరకొండ విద్యార్థి

అందరికీ చాలా థ్యాంక్స్. పంతులు సార్, ఇంకొకటి అడుగుతాను. ఒంటరిగా కుదరదని అర్థమైంది. మరి గుంపుగా అయితే? మా ఊరి నుంచి ముప్పైమందిని, పిల్లలు పెద్దలు అందరినీ, కత్తులు, గొడ్డళ్లు, వంటపాత్రలు ఇచ్చి నల్లమలలో వదిలితే?

జవాబు: అమ్రాబాద్ రిటైర్డ్ పంతులు

బాబూ, ముందు ఆ నర్సమ్మకు నా దండం. కాన్పు గురించి ఆమె రాసింది నేను రాయాల్సింది, నాకు తోచలేదు.

ముప్పైమంది సంగతి. ఇనుము ఇచ్చావు కాబట్టి పెద్ద సాయమే. చెంచులు కూడా కత్తులు, బాణపు మొనలు సొంతంగా చేసుకోలేదు. తేనె, అడవి సరుకు ఇచ్చి మైదానపు ఊళ్ల నుంచి తెచ్చుకున్నారు. అడవి మనుషులు అంటే లోకంతో సంబంధం లేనివాళ్లని అనుకోవద్దు.

సీతాఫలాల కాలంలో దిగితే మొదటి నెల గడిచిపోతుంది. నీళ్లుంటాయి, పండ్లుంటాయి. చలికాలంలో రేగు పండ్లతో, చేపలతో ఈడ్చుకురావచ్చు, కృష్ణ ఒడ్డు దగ్గరయితే ఇంకా నయం. అసలు పరీక్ష ఫిబ్రవరి నుంచి. గడ్డలు ఎక్కడున్నాయో తెలియక, వాగులు ఎండిపోయి, ఇప్పపువ్వు రాలేదాకా ఆగలేక గుంపు చీలిపోతుంది, పసివాళ్లు ముందు పోతారు. ఒక్క చెంచు అవ్వ మీతో ఉంటే ఈ లెక్క మారుతుంది. ఆమె చెప్పినట్టు వింటే మీలో ఎక్కువమంది మళ్లీ వానలు చూస్తారని నా నమ్మకం. రెండు మూడేళ్లలో మీ పిల్లలు మీకంటే బాగా నేర్చుకుంటారు, వాళ్లకు పుట్టే పిల్లలు ఆ అడవి మనుషులే అవుతారు. మనిషి జాతికి ఆ శక్తి ఇంకా ఉంది, అందులో నాకు అనుమానం లేదు.

కానీ ముప్పైమందికే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అడవి తిండి మీద బతికే జనాలు లోకంలో చాలాచోట్ల చదరపు కిలోమీటరుకు ఒక మనిషి కంటే తక్కువే ఉన్నారు. అంటే ఇంత పెద్ద అడవి రెండున్నర వేలమందిని కూడా మోయలేదు. 2011 లెక్కల్లో పాత నల్లగొండ జిల్లా జనాభా 34 లక్షలు దాటింది. మనందరం బతుకుతున్నది వరి, జొన్న, చెరువులు, కాలువల పుణ్యాన. ఇప్పటి మనిషి అడవిలో బతకగలడా అంటే కొద్దిమంది నేర్చుకుని బతకగలరు. ఇప్పుడున్న మనుషులందరూ బతకగలరా అంటే, లేదు.

నువ్వు జువాలజీ చదువుతున్నావు కదా, ఒక పని చెయ్యి. పర్మిషన్ లేకుండా అడవిలోకి పోవద్దు. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర తేనె, గడ్డలు అమ్ముకునే చెంచు అవ్వలు కనిపిస్తే బేరం ఆడకుండా కొను. ఆ గడ్డ పేరు ఏంటి, ఏ నెలలో తవ్వారు, తీగ ఎట్లా ఉంటుంది, ఎట్లా వండాలి అని మర్యాదగా అడుగు. వాళ్లకు ఇష్టమైతే ఆ పేర్లు రాసుకో. మీ బాటనీ సార్‌కు చూపిస్తే శాస్త్రీయ నామం పక్కన రాస్తారు. ఆ కాగితం నాకూ ఒక కాపీ పంపు, నా దగ్గరున్న పేర్లతో పోల్చి చూస్తాను. నా నోటు పుస్తకంలో కొన్నింటికి పేరు ఉంది, వండే తీరు లేదు.